బర్డ్ ఆఫ్ ప్రే పొడవెంత?

అందరికీ నమస్కారం.

ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష కథల్లో క్లింగాన్లనే గ్రహాంతర జాతి నడిపే బర్డ్ ఆఫ్ ప్రే నౌక మీకందరికీ తెలుసు. దాని పొడవెంత? ఇద్దరు అభిమానుల మధ్య ఈ ప్రశ్న వేస్తే తెల్లారినా తెగదు. ఎందుకు తెగదో చెప్పాలనే వచ్చాను.

1984లో వచ్చిన మూడో సినిమాలో ఆ నౌక మొదటిసారి కనిపించింది. అప్పుడది చిన్నది, పన్నెండు మంది సిబ్బందితో నడిచేది. 1986 నాటి సినిమాలో దాని కడుపులోకే రెండు తిమింగలాలను, అవి ఈదడానికి నీళ్లతో సహా ఎక్కించారు. సరే, ఎలాగో పట్టాయనుకుందాం. స్టార్ ట్రెక్‌లోనే తర్వాత వచ్చిన నెక్స్ట్ జనరేషన్ సీరియల్‌కి వచ్చేసరికి కొన్ని ఎపిసోడ్లలో అదే నౌక, దాదాపు 640 మీటర్ల పొడవున్న కథానాయకుల నౌక ఎంటర్‌ప్రైజ్ పక్కన నిలబడి దానికి దీటుగా కనిపించింది. రెక్కలు అవే, మెడ అదే, ముక్కు అదే. సైజు మాత్రం ఎపిసోడ్‌కొకటి.

స్టూడియోలో దీనికి కారణం సులువుగా దొరుకుతుంది. ఆ రోజుల్లో నౌక అంటే చేత్తో కట్టిన మోడల్. కొత్తది కట్టాలంటే డబ్బు కావాలి, వారాల తరబడి టైమ్ కావాలి. వారం వారం ఎపిసోడ్ ఇచ్చేవాళ్లకి రెండూ కరువే. ఉన్న మోడల్‌నే కెమెరాకి దగ్గర పెట్టి తీస్తే పెద్ద నౌక అయిపోతుంది.

అభిమాని ఈ కారణం విని తలూపుతాడు, కానీ అక్కడితో వదలడు. కథలోపల కారణం ఏంటి అంటాడు. నిజానికి సీరియల్ రాసినవాళ్లు కూడా ఆ దిక్కుగానే నడిచారు. 1990లో వచ్చిన ‘యెస్టర్‌డేస్ ఎంటర్‌ప్రైజ్’ ఎపిసోడ్‌లో కె’వోర్ట్ క్లాస్ అన్న పేరు వినిపిస్తుంది, 1992 నాటి ‘రాస్కల్స్’లో బి’రెల్ క్లాస్ అన్న పేరు. అంటే ఒకే రూపంలో రెండు తరగతులున్నాయి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. చాలామందికి ఇది చాలు. నాకు సగమే సరిపోయింది. నౌకని మూడు రెట్లు పెంచితే దాని మీదున్న కిటికీ కూడా మూడు రెట్లు పెరుగుతుంది. లోపల నిలబడే మనిషి మాత్రం పెరగడు. నేను టేప్ ఆపి, స్క్రీన్ మీద స్కేలు పెట్టి కిటికీలు లెక్కపెట్టిన రోజులున్నాయి. ఒక్కో కిటికీకి ఒక్కో అంతస్తు వేసుకుంటూ పోతే, ఆ నౌక ఎంత పెద్దదో అదే చెబుతుంది. ఆ లెక్క డైలాగ్‌తో కుదరనప్పుడు కలిగే చిరాకు మీలో చాలామందికి అనుభవమే అనుకుంటాను.

ఆ చిరాకు చాలా విలువైనదని నా నమ్మకం. ఊరికే బొమ్మగా గీసిన నౌక గురించి ఎవరూ వాదించరు. ఎక్కడో ఒకచోట తర్కం ఉంటేనే, అది తప్పినప్పుడు మనకి తెలుస్తుంది. ఆ తర్కాన్ని మొదట పెట్టినవాడు మ్యాట్ జెఫరీస్. 1966లో మొదలైన తొలి స్టార్ ట్రెక్ సీరియల్‌కి మొదటి ఎంటర్‌ప్రైజ్‌ని గీసింది ఆయనే. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానాల్లో పనిచేశాడు, తర్వాత సొంత విమానం నడిపేవాడు. కాంతి వేగాన్ని దాటించే ఇంజన్లు మహా ప్రమాదకరంగా ఉంటాయి కాబట్టి వాటిని మనుషులకి దూరంగా ఉంచాలనుకున్నాడు. నాసెల్స్ అని మనం పిలిచే ఆ రెండు గొట్టాలు సన్నని కాళ్ల మీద దూరంగా నిలబడి ఉండటానికి కారణం అది. పైభాగం నున్నగా ఎందుకుందంటే, రిపేరు చేయాల్సినవన్నీ లోపలే ఉండాలి, బయటికి వెళ్లి బాగుచేయడం ప్రాణాంతకం అనుకున్నాడు. లోపల మెకానిక్కులు పాక్కుంటూ వెళ్లే సొరంగాలకి ఆయన పేరే పెట్టారు, జెఫరీస్ ట్యూబులని. చివరికి నౌక మీద రాసిన 1701 అన్న నంబర్ కూడా దూరం నుంచి చూసినా ఒక అంకెని ఇంకో అంకె అనుకోకుండా ఉండేలా ఎంచుకున్నదే.

ఇక్కడ ‘ద ఎక్స్‌పాన్స్’ అనే ఇంకో అంతరిక్ష సీరియల్ సంగతి ఒక్క మాట చెప్పాలి. అందులో నౌకలు నిలువుగా కట్టిన భవనాల్లా ఉంటాయి. ఇంజన్ అడుగున, అంతస్తులు దాని పైన. ఇంజన్ నెట్టే బలమే కాళ్లకింద బరువవుతుంది. సగం దూరం వెళ్లాక నౌక వెనక్కి తిరిగి, అదే ఇంజన్‌తో వేగం తగ్గించుకుంటుంది. భౌతిక శాస్త్రాన్ని ఇంత పట్టుకున్నందుకు దాని మీద వాదనలు తగ్గాయా? పెరిగాయి. అంత వేడి ఎక్కడికి పోతోంది, రేడియేటర్లు ఏవి అని నిలదీశారు. తర్కం ఎంత గట్టిగా ఉంటే ప్రశ్న అంత పదునుగా వస్తుంది.

అన్నిటికంటే గట్టి గొడవ వెనకటి కాలం కథలతో వచ్చింది. 2001లో స్టార్ ట్రెక్‌లోనే ‘ఎంటర్‌ప్రైజ్’ అన్న సీరియల్ మొదలైంది. కథ, 1966 నాటి సీరియల్లో నౌకని నడిపిన కెప్టెన్ కర్క్ కంటే వందేళ్ల ముందు జరుగుతుంది. కానీ ఆ నౌక, 1996 సినిమాలో కనిపించిన అకీరా క్లాస్ నౌకని పోలి ఉంది, అంటే కర్క్ తర్వాత వందేళ్లకి చెందిన నౌకని! తాతకి మనవడి ముఖం పెట్టినట్టయింది. 2017లో మొదలైన ‘డిస్కవరీ’ ఇంకో అడుగు వేసి, కర్క్ ఓడనే కొత్తగా గీసింది. 1992లో, 1996లో వచ్చిన ఎపిసోడ్లలో అయితే పాత నౌక లోపలి భాగాల్ని కొన్నిటిని రంగులతో, బటన్లతో సహా మళ్లీ కట్టి చూపించారు. అందుకే కొత్త రూపం చూసి చాలామంది నొచ్చుకున్నారు. నా అభిప్రాయం చెబుతాను. స్క్రీన్లు మార్చండి, గోడలు మార్చండి, అట్టముక్కలతో కట్టిన సెట్‌ని ఈనాటి కెమెరా ముందు పెట్టలేరు. కానీ ఇంజన్లు ఎందుకు దూరంగా ఉన్నాయో ఆ కారణాన్ని చెరపకండి. కాళ్లు పొట్టివై, లావై, గొట్టాలు ఒంటికి అంటుకుపోయాయంటే జెఫరీస్ ఆలోచన పోయినట్టే.

నౌకల సంగతి ఇలా ఉంటే, మనుషుల విషయంలో కంటిన్యుటీ, అంటే ముందు చూపినదానితో తర్వాతది అతకడం, ఇంకా సున్నితం. పాత సీరియల్లో క్లింగాన్ల నుదురు నున్నగా ఉండేది. 1979 సినిమాలో గట్లు వచ్చాయి. మేకప్ బడ్జెట్ పెరిగింది, అంతే. 1996లో ఒక ఎపిసోడ్‌లో, నుదుటి మీద గట్లున్న వార్ఫ్ అనే క్లింగాన్ పాతకాలపు క్లింగాన్ల మధ్య నిలబడాల్సి వచ్చింది. పక్కవాళ్లు అడిగితే, బయటివాళ్లతో మేం దాని గురించి మాట్లాడం అన్నాడు. 2005లో రెండు ఎపిసోడ్లు పెట్టి, జన్యు ప్రయోగం వికటించి వైరస్ పాకిందని పూర్తి వివరణ ఇచ్చారు. నేను మొదటి జవాబు వైపే ఉంటాను. ఆ ఒక్క వాక్యంలో ఒక జాతి దాచుకున్న అవమానం వినిపిస్తుంది. ప్రతి సందునీ పూడ్చనక్కర్లేదు.

చివరిగా ఒక మోడల్ గురించి. పాత సీరియల్‌కి వాడిన 11 అడుగుల ఎంటర్‌ప్రైజ్ 1974లో అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి చేరింది. 1991లో బాగుచేసినప్పుడు ఒళ్లంతా గీతలు దట్టంగా వేశారు. ఇది మా నౌక కాదని అభిమానులు ఏళ్ల తరబడి అన్నారు. అసలు రంగేది, ఎంత బూడిద, గీతలు అసలున్నాయా లేవా అని తగువులాడారు. 2015లో మ్యూజియం వాళ్లే, 1976కి ముందు ఎవరైనా ఆ మోడల్‌ని ఫొటో తీసి ఉంటే పంపండని జనాన్ని అడిగారు. ఎప్పుడో ఒక ప్రదర్శనలో సరదాగా తీసుకున్న ఫొటోలు సాక్ష్యాలయ్యాయి. నౌక ముందున్న పళ్లెం లాంటి భాగం పైన మొదటి రంగు ఇంకా మిగిలి ఉంది. దాన్ని ముట్టుకోకుండా, మిగతా ఒంటిని దానికి సరిపోయేలా రంగు వేశారు.

2016లో ఆ మోడల్ మళ్లీ జనం ముందుకి వచ్చింది. చుట్టూ తిరిగి ఎడమవైపు వెళితే, కుడివైపున్న వివరాలు అక్కడ కనిపించవు. లోపలి దీపాలకి వైర్లు అటునుంచి వెళ్లేవి, అందుకని కెమెరా ఎప్పుడూ కుడివైపే ఉండేది. బాగుచేసినవాళ్లు ఆ ఎడమవైపుని పూర్తిచేయలేదు. 1960లలో ఎలా ఉందో అలాగే వదిలేశారు.