కాలు తీస్తే ఢబ్బుమంటోంది

యాంకర్: అందరికీ నమస్కారం. చెన్నైలో ఉన్న మన తెలుగువాళ్ళ బండ్ల కష్టసుఖాలు మాట్లాడుకునే ఫోన్-ఇన్ ఇది. వ్యాసర్పాడి షెడ్డు నుంచి మేస్త్రి గారు వచ్చి కూర్చున్నారు. మొదటి కాల్ పెరంబూరు నుంచి. చెప్పండి.

కాలర్: నమస్కారమమ్మా. నమస్తే అన్నా. నాది 1996 మారుతి 800. నాన్న కొన్న బండి, ఇప్పుడు నేను నడుపుతున్నా. పోయిన వారం తిరుమల వెళ్ళొచ్చాం. ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. దిగేటప్పుడు పెడల్ మీంచి కాలు తీస్తే చాలు, వెనకాల ఢబ్బు ఢబ్బుమని ఒకటే మోత. అమ్మ భయపడిపోయింది.

మేస్త్రి: వెనకాలే వినిపించిందా? బానెట్ కింద కాదు కదా?

కాలర్: వెనకాలేనన్నా. సైలెన్సర్లోనే.

మేస్త్రి: అది ముందు తేల్చుకోవాలి తమ్ముడూ. బానెట్ కింద, ఎయిర్ ఫిల్టర్ వైపు పేలితే దాని కథ వేరు, మంట వెనక్కి తన్నినట్టు. సైలెన్సర్లో పేలితే ఇంజిన్లో కాలాల్సిన పెట్రోలు బయటికొచ్చి కాలుతోందని. మన షెడ్లలో రెండిటినీ బ్యాక్‌ఫైరనే అంటాం, అక్కడే తికమక మొదలవుతుంది. సరే, మోత వస్తుంటే నువ్వేం చేశావు?

కాలర్: మూడో గేర్లో మోత ఎక్కువుందని న్యూట్రల్లో వేసేశానన్నా. అప్పుడు ఆగిపోయింది. బ్రేకు మీద దిగాం.

మేస్త్రి: అయ్యో, ఎంత పని చేశావు! ఇంకెప్పుడూ అలా చెయ్యొద్దు. దిగే ఘాట్ 1944లో వేసిన పాత దారి, ముప్పై ఆరు హెయిర్‌పిన్ మలుపులు. న్యూట్రల్లో పెడితే బండి బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. లైనర్లు వేడెక్కి వాసనొస్తాయి, ఆ తర్వాత నువ్వు పెడల్ ఎంత తొక్కినా పట్టు దొరకదు. ఆ ఢబ్బుమనే మోత వల్ల నీ ప్రాణానికేం కాదు. న్యూట్రల్ వల్ల అవుతుంది. మోత మోగితే మోగనీ, రెండో గేర్లో దిగు. అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పని చెయ్యడమేంటి తమ్ముడూ!

కాలర్: తెలీక చేశానన్నా. ఇంకెప్పుడూ చెయ్యను.

యాంకర్: మేస్త్రి గారూ, కాలు తీసినప్పుడే ఎందుకు? పెట్రోలు ఎక్కువ పోయేది తొక్కినప్పుడు కదా?

మేస్త్రి: చెప్తానమ్మా. పేలాలంటే మూడు కావాలి. పెట్రోలు, గాలి, వేడి. సైలెన్సర్లో వేడి ఎప్పుడూ ఉంటుంది. పెట్రోలు, గాలి మాత్రం పేలేంతగా ఉండకూడదు. కాలు తీస్తే ఆ రెండూ అక్కడికి చేరే వీలు కలుగుతుంది. ఎలాగంటే, పెట్రోలు, గాలి కలిపే కార్బరేటర్లో పలక మూసుకుంటుంది. బండి చక్రాలు ఇంకా ఇంజిన్ని తిప్పుతూనే ఉంటాయి. పిస్టన్లు గాలి కోసం పీలుస్తాయి, పైన తలుపేమో మూసుంది. లోపల వాక్యూమ్ బాగా పెరిగిపోతుంది. ఆ పీల్పుకి, బండి ఆగినా ఇంజిన్ తిరిగేందుకు ఉన్న ఐడ్లింగ్ రంధ్రంలోంచి పెట్రోలు వస్తూనే ఉంటుంది, ఇంజిన్లోకి పోయే గొట్టం, అదే లోపలి మేనిఫోల్డ్, గోడలకి పట్టిన తడి కూడా ఆవిరై కలుస్తుంది. కానీ సిలిండర్లోకి చేరే సరుకు చాలా తక్కువ, పైగా అందులో అంతకుముందు కాలిన పొగ కలిసి ఉంటుంది. ప్లగ్గు నిప్పు రాజేసినా అంటుకోదు. అంటుకోని పెట్రోలు అలాగే సైలెన్సర్లోకి పోతుంది. అక్కడ గాలి దొరికిందా, ఢబ్బే.

యాంకర్: మరి గాలి ఎక్కడి నుంచి?

మేస్త్రి: నేను ముందు అడిగే ప్రశ్న అదే. సైలెన్సర్ గొట్టంలో పొగ ఒకే ఒత్తిడితో పోదమ్మా, అలలు అలలుగా పోతుంది. ఒక అలకీ ఇంకో అలకీ మధ్య ఒక్క క్షణం లోపల ఒత్తిడి బయటికంటే తగ్గుతుంది. ఎక్కడైనా జాయింట్ల మధ్య పెట్టే గ్యాస్కెట్ కాలి సందు పడిందనుకోండి, ఆ క్షణంలో బయటి గాలి లోపలికి దూరుతుంది. సందు, ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే మేనిఫోల్డ్‌కి ఎంత దగ్గరుంటే అంత తంటా, ఎందుకంటే వేడంతా అక్కడే. అందుకే ఈ మోతతో వచ్చిన ఏ బండికైనా కార్బరేటర్ జోలికెళ్ళే ముందు నేను గొట్టం చూస్తాను. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. షెడ్డు పెట్టిన కొత్తలో ఒక ప్రీమియర్ పద్మిని టాక్సీ వచ్చింది, ఇదే మోత. కార్బరేటర్ విప్పి కడిగాను, ప్లగ్గులు మార్చాను, పాయింటు మార్చాను, ప్లగ్గు నిప్పు రాజేసే టైమింగ్ రెండుసార్లు పెట్టాను. మూడు రోజులు టాక్సీ నిలబడిపోయింది. ఆ మనిషికి రోజూ వచ్చే ఆదాయం అదొక్కటే. నాలుగో రోజు పొద్దున్న టార్చి వేసి చూస్తే మేనిఫోల్డ్ అడుగున, కంటికి కాటుక దిద్దినంత సన్నంగా ఒక నల్లటి గీత. పగులు. పొగ చిమ్మి చిమ్మి ఆ మసి పట్టింది. మొదటి రోజే ఐదు నిమిషాలు కేటాయించి చూసుంటే సరిపోయేది. ఆ మూడు రోజుల కిరాయి నేను అతనికి తిరిగిచ్చాను, కానీ అతను ఇంట్లో ఏం చెప్పుకున్నాడో ఏమో, ఇప్పటికీ బాధేస్తుంది.

కాలర్: నేనూ అదే చూసుకోవచ్చా అన్నా?

మేస్త్రి: చూడొచ్చు. ఈరోజు బండి తీశావా?

కాలర్: లేదన్నా, రాత్రి నుంచి అలాగే ఉంది.

మేస్త్రి: మంచిది, చల్లగా ఉండాలి. అపార్ట్‌మెంట్ కింద సెల్లార్ అయితే బయట ఆరుబయట పెట్టుకో, మూసిన చోట పొగ ప్రాణం మీదికి తెస్తుంది. ఇంకో మనిషిని స్టార్ట్ చెయ్యమను. నువ్వు మందంగా మడిచిన గుడ్డతో వెనక గొట్టం మూతి రెండు మూడు సెకన్లు నొక్కి పట్టుకో. గొట్టంలో ఎక్కడా కారకపోతే ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై ఆగబోతుంది. ఎక్కడో సుయ్యిమని వినిపిస్తూ ఇంజిన్ మామూలుగా తిరుగుతుంటే సందు ఉన్నట్టే. తర్వాత సబ్బు నీళ్ళు జాయింట్ల మీద చల్లు, నురగొచ్చిన చోటే లీకు. ఇంజిన్ వేడెక్కేలోగా చెయ్యాలి, వేడెక్కితే లోహం వ్యాకోచించి సందు మూసుకుపోతుంది. ఇంకో మాట, బండిలో పొల్యూషన్ చీటీ ఉందా?

కాలర్: ఉందన్నా. పాతది కూడా ఉంది.

మేస్త్రి: రెండూ చూసి సీఓ, అంటే కార్బన్ మోనాక్సైడ్, హెచ్‌సీ, అంటే హైడ్రోకార్బన్లు, ఆ అంకెలు రాసుకుని మళ్ళీ ఫోన్ చెయ్యి. మేము ఇక్కడే ఉంటాం.

యాంకర్: తర్వాతి కాల్ అంబత్తూరు నుంచి. చెప్పండమ్మా.

కాలర్: మేస్త్రి గారూ, మాది ఇంజెక్షన్ కారే. బయట సీఎన్‌జీ కిట్ వేయించాం. కత్తిపారా ఫ్లైఓవర్ దిగేటప్పుడు ఒకటీ రెండుసార్లు పేలినట్టు అవుతోంది. దీంట్లో కార్బరేటరే లేదు కదా.

మేస్త్రి: లేదమ్మా, అందుకే దీంట్లో ఈ మోత అసలు రాకూడదు. ఇంజెక్షన్ బండిలో మీరు గేర్లో ఉండి కాలు తీస్తే కంప్యూటర్ ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తుంది. ఆర్‌పీఎం ఐడ్లింగ్ దగ్గరికి దిగితే మళ్ళీ మొదలుపెడుతుంది. అంటే పేలడానికి సరుకే ఉండదు. ఇంకా మోత వస్తోందంటే ఎవరో ఆపమన్నా ఆపడం లేదు. అది ఎవరన్నది తెలియాలంటే మీరు చెయ్యాల్సింది ఒకటే. స్విచ్ పెట్రోల్లో పెట్టి అదే ఫ్లైఓవర్ నాలుగైదు రోజులు దిగండి. మోత ఆగిందా, కిట్టుదే. పాత మిక్సర్ రకం కిట్టయితే కాలు తీసినా గ్యాసు ఇంకా పీలుస్తుంది. పెట్రోల్లోనూ వస్తే ఇంజెక్టర్ కారుతుందేమో, సైలెన్సర్ లీకుందేమో చూడాలి. ప్లగ్గులు ఎప్పుడు మార్చారు?

కాలర్: కారు కొన్నప్పటి నుంచి మార్చలేదండీ.

మేస్త్రి: గ్యాసుకి పెట్రోలు కన్నా గట్టి స్పార్కు కావాలమ్మా. పెట్రోల్లో నెట్టుకొచ్చే ప్లగ్గు గ్యాసులో మిస్సవుతుంది, ఆ మిస్సైనదే వెనక పేలేది. ముందు ప్లగ్గులు మార్చించండి, అది తక్కువ ఖర్చు. తర్వాత బండి కంప్యూటర్ని చదివే స్కానర్ పెట్టమనండి. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ పది శాతం దాటి ఉంటే గాలి ఎక్కడో అదనంగా వస్తోందని కంప్యూటర్ ఇంధనం పెంచుకుంటోందన్నమాట. ఆ అంకె అడిగి రాయించుకోండి. అంకె చూపించకుండా సెన్సర్ మార్చాలంటే ఒప్పుకోవద్దు.

యాంకర్: వేళచ్చేరి నుంచి ఒక కాలర్. చెప్పండి బాబూ.

కాలర్: అన్నా, నాకు ఆ మోత కావాలి. ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వేసి ట్యూన్ చేయిస్తే పాప్ పాప్ అంటుందట కదా?

మేస్త్రి: అంటుంది. కాలు తీసినా కావాలని పెట్రోలు పోసి, టైమింగ్ వెనక్కి జరిపి చేస్తారు. కానీ ఆ మంట పోయేది పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లోకి. లోపల తేనెపట్టులా ఉండే పింగాణీ అరలు కరిగి అతుక్కుపోతే ఇంజిన్‌కి ఊపిరాడదు. పైగా మోటారు వాహనాల చట్టం 190(2) కింద మొదటిసారి దొరికితేనే పదివేల దాకా జరిమానా. రాత్రి పదకొండింటికి ఆస్పత్రి పక్కన ఆ మోత వింటే రోగి పక్కన కూర్చున్నవాళ్ళ పరిస్థితేంటో నేను చూశాను. నా షెడ్డులో నేను చెయ్యను బాబూ. వేరేచోటా చేయించొద్దని అడుగుతున్నా.

యాంకర్: పెరంబూరు తమ్ముడు మళ్ళీ లైన్లోకి వచ్చారు!

కాలర్: అన్నా, చూశానన్నా. గుడ్డ పెడితే సుయ్యిమంది. మేనిఫోల్డ్‌కి, కిందికి దిగే గొట్టానికి మధ్య జాయింట్లో నురగొచ్చింది. చుట్టూ మసి ఉంది.

మేస్త్రి: శభాష్! చీటీలో ఏముంది?

కాలర్: కొత్తదాంట్లో సీఓ 0.4, హెచ్‌సీ 1180. రెండేళ్ళ కిందటిదాంట్లో సీఓ 1.6, హెచ్‌సీ 410. రెండూ పాస్ అనే రాసుంది.

మేస్త్రి: పాసే, నీ బండికి లిమిట్ సీఓ 3 శాతం, హెచ్‌సీ 1500. కానీ ఆ అంకెలు చెప్పేది విను. సీఓ తగ్గింది, హెచ్‌సీ దాదాపు మూడింతలైంది. హెచ్‌సీ అంటే కాలని పెట్రోలు. పెట్రోలు ఎక్కువై కాలకపోతే సీఓ కూడా పెరిగేది. ఇక్కడ సీఓ తగ్గిందంటే మిశ్రమం పలచబడి మిస్సవుతోందన్నమాట. సీఓ తగ్గడంలో లీకు గాలి వాటా కొంత ఉండొచ్చు, హెచ్‌సీ పెరగడం మాత్రం లీకు వల్ల కాదు. అంటే రెండు రోగాలు. ఒకటి గాలి తెస్తోంది, ఇంకోటి పెట్రోలు పంపిస్తోంది.

కాలర్: రెండోది ఎందుకన్నా?

మేస్త్రి: ఇప్పుడు మనకొచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంది. ఒక పాలు పెట్రోలు కాలడానికి 14.7 పాళ్ళ గాలి కావాలి, ఇథనాల్‌కి 9 పాళ్ళు చాలు. ఇంజెక్షన్ బండి సెన్సర్ చూసుకుని పెట్రోలు పెంచుకుంటుంది. నీ కార్బరేటర్‌కి ఆ కన్ను లేదు, జెట్టు అనే పాత సన్న రంధ్రంలోంచి పాత కొలతే పోస్తుంది. అందుకే పలచబడుతుంది. ఇథనాల్ పాత రబ్బరు ట్యూబుల్ని కూడా తినేస్తుంది, పెట్రోలు పైపులు, వాక్యూమ్ ట్యూబులు వేళ్ళతో వంచి చూడు. పగుళ్ళుంటే మార్చెయ్. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ పక్కన ఉన్న డబ్బాకి వెళ్ళే సన్న ట్యూబు విప్పి, ఆ డబ్బా వైపు నోటితో పీల్చు. లోపలి పలక కదలాలి, పీల్చింది నిలవాలి. నిలవకపోతే డబ్బాలోని పొర, అదే డయాఫ్రమ్, చిరిగింది.

కాలర్: ముందు ఏది చెయ్యమంటారు?

మేస్త్రి: ముందు గ్యాస్కెట్. లీకుండగా, కార్బరేటర్లో పెట్రోలు పాలు సరిచేసే మిక్చర్ స్క్రూ తిప్పితే వచ్చే అంకె నమ్మలేం. రాత్రే నట్ల మీద తుప్పు వదిలే ఆయిల్ కొట్టి వదిలెయ్. ముప్పై ఏళ్ళ స్టడ్డు బోల్టులు అవి, పొద్దున్నే పానా వేసి లాగితే విరుగుతాయి. కొంచెం బిగించి, కొంచెం వదిలి, మళ్ళీ బిగించి, అలా తియ్యమను. పాత గ్యాస్కెట్‌ని మళ్ళీ వెయ్యనివ్వద్దు. కొత్తది పుదుపేటలో దొరుకుతుంది, పాతది చేత్తో పట్టుకెళ్ళి కొలత చూసుకుని తెచ్చుకో. అది బిగించాక పొల్యూషన్ సెంటర్‌కెళ్ళి మిషన్ గొట్టం పెట్టించి, మిక్చర్ స్క్రూ పావు చుట్టు పావు చుట్టు వదులుతూ హెచ్‌సీ ఎక్కడ అన్నిటికన్నా తక్కువ పడుతుందో అక్కడ ఆపు.

కాలర్: స్టడ్డు విరిగిపోతే అన్నా?

మేస్త్రి: విరిగితే సుత్తి పట్టనివ్వొద్దు. నాకు ఫోన్ చెయ్యి, నేనే వస్తా.