కనిగిరి నీళ్ల లెక్కలు ఎవరి బీరువాలో ఉన్నాయి?

అందరికీ నమస్కారం.

పర్యావరణానికి భారం కాని పరిశోధన గురించి మాట్లాడమన్నారు. ఒంగోలులో ఆ మాట ఎత్తితే నాకు ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడు. నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాన్ని మొదట గుర్తించింది ఈ మెట్ట ప్రాంతంలోనే. 1937లో షార్ట్ అనే వైద్య పరిశోధకుడు, ఆయన సహచరులు దాని మీద వ్యాసం ప్రచురించారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. 1970లో అది ఏర్పడేదాకా దర్శి, పొదిలి, కనిగిరి నెల్లూరు జిల్లాలోనే ఉండేవి.

ఆ తర్వాత కూడా ఈ నీళ్ల మీద పరిశోధనలు జరుగుతూనే ఉన్నాయి. కానీ మీ ఊరి బోరులో ఫ్లోరైడు పదేళ్ల కిందట ఎంత, ఇప్పుడు ఎంత అని అడిగితే చెప్పగలవారు ఎందరు? అంకెలు థీసిస్ చివరి పేజీల్లో ఉంటాయి, థీసిస్ బీరువాలో ఉంటుంది. కొత్తగా చేరిన విద్యార్థి సీసాలు సర్దుకుని మళ్లీ అదే ఊరికి బయలుదేరుతాడు. మళ్లీ అంతే డీజిలు, అన్నే రసాయనాలు. మన ప్రయోగశాలల్లో అన్నిటికన్నా పెద్ద దుబారా ఇదేనని నా అభిప్రాయం. మళ్లీ కొలవడం తప్పనడం లేదు. భూగర్భజలం హెచ్చుతగ్గులతో ఫ్లోరైడూ మారవచ్చు. అయితే పాత అంకె పక్కన ఉంటేనే కదా, మారిందో లేదో తెలిసేది!

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనల వల్ల థీసిస్‌లు ‘శోధ్‌గంగ’ అనే ఆన్‌లైన్ భాండాగారంలోకి చేరుతున్నాయి, సంతోషం. కానీ పట్టికను ఫొటో తీసినట్టు స్కాన్ చేసి పెడితే ఆ అంకెలను మరొకరు చేత్తో ఎక్కించుకోవాలి. చూపు లేని విద్యార్థి కంప్యూటర్ దాన్ని చదివి వినిపించలేదు. పట్టికను పట్టికగానే ఇవ్వండి. బోరు ఎక్కడుంది, ఎంత లోతు, నీళ్లు ఏ నెలలో పట్టారు, ఏ పద్ధతిలో కొలిచారు, ఇవి లేని అంకె ఎవరికీ పనికిరాదు.

ఇక నీళ్లు. ప్రయోగశాలలో ఆవిరిని చల్లార్చే కండెన్సరుకు కుళాయి గొట్టం తగిలించి గంటల తరబడి సింకులోకి వదిలేస్తాం. బయట జనం తాగునీళ్లు డబ్బాల్లో కొనుక్కుంటున్నారు. ఎయిర్ కూలర్లో వాడే చిన్న మోటారు తెచ్చి బకెట్లో పెడితే అవే నీళ్లు తిరుగుతాయి, వేడెక్కినప్పుడు కాస్త ఐసు వేస్తే సరి. నమూనాలు దాచే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరును మైనస్ 70కి మార్చినా కరెంటు బాగా తగ్గుతుంది, చాలా నమూనాలకు అది చాలు.

చదివే హక్కు సంగతి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’కు ఆమోదం తెలిపింది. ఆ ఒక్క చందాతో సుమారు 13,000 పరిశోధన పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతాయి. మంచిదే. కానీ అందులో ప్రైవేటు కాలేజీ విద్యార్థి లేడు, కావలి రొయ్యల రైతు లేడు. చందా కట్టేది మాత్రం వాళ్ల పన్నులతో కూడా! అందుకే పత్రిక నిబంధనలు అనుమతించిన మేరకు మీ వ్యాసం ప్రతిని అందరికీ అందుబాటులో పెట్టండి.

ఒక్కటే అడుగుతాను. నమూనాలు తీసుకున్న ప్రతి ఊరి పంచాయతీకీ తెలుగులో ఒక పేజీ ఇవ్వండి. ఫ్లోరైడు తాగునీటి గరిష్ఠ పరిమితి అయిన లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోర్లు ఏవో, దాటనివి ఏవో రాయండి. కింద మీ విభాగం ఫోను నంబరు ఉండాలి. ఫోన్లు వస్తాయి, ఎత్తండి.