గాలికి తెర: నాన్న మందుల డబ్బాలో దొరికిన సీసా

నేను: నమస్తే అండీ. ఈరోజు నాతో మా పెద్దమ్మ కూతురు ఉంది. చైనాలోని హాంగ్‌జౌలో ఎంబీబీఎస్ చదివింది, ఇప్పుడు ఇక్కడే ప్రాక్టీసు. మొన్న నాన్న మందుల డబ్బాలో ఒక కొత్త సీసా కనబడింది. "చైనా మూలికలు, ఇమ్యూనిటీ పెంచుతాయి" అని రాసుంది. చుట్టాలెవరో ప్రేమగా తెచ్చిచ్చారట. నాన్నకి కిడ్నీ మార్పిడి అయి మూడేళ్లు. వెంటనే అక్కకి ఫొటో పంపాను.

అక్క: చూడగానే గుండె గుభేలుమంది రా. అందులో మొదటి పేరే హువాంగ్ చీ.

నేను: అది అంత ప్రమాదమా?

అక్క: అందరికీ కాదు, బాబాయికి. అక్కడ మాకు చైనా వైద్యం కూడా ఒక సబ్జెక్టు. హువాంగ్ చీ అంటే ఒక వేరు. పల్చటి పసుపు బిళ్లలుగా కోసి ఎండబెడతారు. నమిలితే కాస్త తియ్యగా, పచ్చి చిక్కుడు గింజ వాసన వస్తుంది. చిక్కుడు కుటుంబం మొక్కే మరి. చలికాలం కోడి సూపులో కూడా వేసుకుంటారు. దానికి బైజూ అనే దుంప, ఫాంగ్‌ఫెంగ్ అనే వేరు కలిపితే 'పచ్చరాతి తెర' అనే మందు మిశ్రమం. 14వ శతాబ్దపు వైద్యుడు ఝూ డాన్‌షీ పేరున ఉన్న గ్రంథంలో ఇది కనిపిస్తుంది.

నేను: తెర ఎందుకు?

అక్క: జబ్బు తెచ్చే గాలికి అడ్డం. చర్మం కింద 'వెయ్ చీ' అనే కాపలా శక్తి తిరుగుతూ చెమట రంధ్రాలను తెరుస్తూ మూస్తూ ఉంటుందని వాళ్ల నమ్మకం. అది బలహీనపడితే ఊరికే చెమట పడుతుంది, మాటిమాటికీ జలుబు చేస్తుంది. అలాంటి మనిషికే ఈ మందు. జ్వరం వచ్చాక మాత్రం ఇవ్వరు. దొంగ లోపల ఉండగా తలుపు మూసినట్టు అవుతుందంటారు. ఇంత చూసుకుని ఇచ్చేదాన్ని సీసాలో పోసి "ఇమ్యూనిటీ" అని అందరికీ అమ్మేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

నేను: మరి నాన్న విషయం?

అక్క: బాబాయి వేసుకునే టాక్రోలిమస్ పనే రోగనిరోధక శక్తిని అణచి ఉంచడం. లేకపోతే కొత్త కిడ్నీని శరీరం పరాయిదనుకుని దాడి చేస్తుంది. హువాంగ్ చీకి ఆ రోగనిరోధక కణాలను ఉసిగొల్పే గుణం ఉందని ల్యాబ్ పరీక్షల్లో కనబడింది. మనుషుల మీద జరిగిన పరీక్షలు చాలావరకు చిన్నవి, నాణ్యత తక్కువ. అలాంటిదాన్ని నమ్మి కిడ్నీని పణంగా పెడతామా?

నేను: సీసాలో నిజంగా అదే ఉందో లేదో కూడా తెలీదు కదా.

అక్క: అదే నా అసలు భయం. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి ఇచ్చిన మాత్రల్లో ఫాంగ్‌జీ అనే మూలికకు బదులు, పేరు పోలిక వల్ల అరిస్టోలోకియా జాతి వేరు పడింది. వంద మందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి, తర్వాత కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. మన సీసాలోని మిశ్రమం వేరే, కానీ పేర్లు ఇలాగే కలిసిపోతాయి. హాంగ్‌జౌలో 1874లో పెట్టిన హూ చింగ్ యూ టాంగ్ అనే పాత మందుల దుకాణం ఉంది. గోడ నిండా చిన్న చిన్న సొరుగులు. అక్కడ 'మోసం వద్దు' అని రాసిన పలక ఒకటి వేలాడుతుంది. దాని ముఖం కొనేవాళ్ల వైపు కాదు, లోపల మందు కట్టేవాళ్ల వైపు. మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

నేను: సీసా తీసి పక్కన పెట్టేశాను. నాలుగు రోజులు వేసుకున్నాడట.

అక్క: పారెయ్యొద్దు. ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరుకి చూపించు. రక్తంలో టాక్రోలిమస్ లెవెల్, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించమంటారు. రిపోర్టు రాగానే నాకు వాట్సాప్ చెయ్యి.

నేను: రేపు పొద్దున్నే తీసుకెళ్తున్నాను. సూపు కూడా మానెయ్యాలా అని అడుగుతున్నాడు.

అక్క: మీ అమ్మ చేసే కోడి సూపా? ఉప్పు తగ్గించి ఇవ్వమను. హాయిగా తాగమను.