మన బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత? ప్లాస్టిక్ ఫైబర్ తీగతో కొలిచి చూద్దాం

[షాట్: తెల్ల గోడ ముందు రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు. రెండూ ఒకేలా ఉన్నాయి.]

అందరికీ నమస్కారం. అనంతపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈ రెండు గ్లాసులూ ఒకసారి చూడండి. ఎడమ వైపుది సత్యసాయి నీళ్ల కుళాయిలో పట్టింది. కుడి వైపుది కళ్యాణదుర్గం దారిలో మా జేజి వాళ్ల ఊరి బోరు నీళ్లు. రంగులో తేడా లేదు, వాసనా లేదు. నోట్లో పోసుకున్నా తెలీదు.

మా జేజి ఆ ఊరి నీళ్లే అరవై ఏళ్లు తాగింది. చివరి పదేళ్లు నడుం వంగిపోయింది. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మెడ తిరిగేది కాదు, మనిషంతా తిరగాల్సి వచ్చేది. మా ఈడు పిల్లల పళ్ల మీద గోధుమ రంగు చారలు ఉండేవి. పళ్లు సరిగ్గా తోముకోరని బడిలో తిట్టేవాళ్లు. అది పాచి కాదు. ఎంత తోమినా పోదు. పన్ను చిగురు లోపల తయారయ్యే వయసులోనే ఫ్లోరైడ్ దాన్ని పాడు చేస్తుంది.

[తెర మీద అక్షరాలు: లీటరుకు 1 మిల్లీగ్రాము – 1.5 మిల్లీగ్రాములు]

భారత ప్రమాణాల సంస్థ 2012లో ఇచ్చిన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ 1.5నే. ఎముకల్ని, పళ్లని పాడు చేసే ఈ ఫ్లోరోసిస్ జబ్బు గురించి మన దేశంలో మొదట రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో చూసి. అంటే తెలుగు నేలకి ఇది కొత్త కష్టం కాదు.

మన జిల్లాలోనే ఎందుకింత? కింద ఉన్నది గ్రానైటు జాతి రాయి. అందులోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. వానలు తక్కువ. పడిన కాస్త నీరు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలబడి ఫ్లోరైడ్‌ని తనలో కలుపుకుంటుంది. మనం బోరు ఎంత లోతుకి దించితే అంత పాత నీళ్లు పైకి తెచ్చుకుంటాం.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. కాచి చల్లార్చితే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలిన దాంట్లో ఇంకా చిక్కబడుతుంది. గుడ్డలో వడకట్టినా, మామూలు క్యాండిల్ ఫిల్టర్ పెట్టినా లాభం లేదు.

మరి ఉందో లేదో తెలిసేదెలా? ల్యాబ్‌కి పంపొచ్చు. నేనూ పంపాను. ఒకసారి రిపోర్టు చేతికి వచ్చేసరికి ఆ బోరే ఎండిపోయింది. పక్కన ఇంకోటి వేశారు, దాని నీళ్లు ఎలాంటివో మళ్లీ ఎవరికీ తెలీదు. బోరు దగ్గరే నిలబడి కొలవగలిగితే బాగుండునని ఆ రోజే గట్టిగా అనిపించింది.

[షాట్: జాతరలో అమ్మే, కొసలు చుక్కల్లా మెరిసే బొకే దీపం. చెయ్యి అందులోంచి ఒక పోగు లాగుతుంది.]

ఈ దీపం జాతరలో మీరూ చూసే ఉంటారు. పోగు పొడవునా చీకటి, కొసన మాత్రం వెలుగు. ఇదే ఆప్టికల్ ఫైబర్. లోపల అక్రిలిక్ ప్లాస్టిక్, దాని మీద పల్చటి ఇంకో పూత. లోపలి ప్లాస్టిక్‌లో వెలుగు నిదానంగా, పూతలో కాస్త వేగంగా నడుస్తుంది. ఏటవాలుగా వచ్చిన వెలుగు ఆ రెండూ కలిసే చోట బయటికి దాటలేక, అద్దానికి తగిలినట్టు లోపలికే తిరుగుతుంది. అలా గోడ నుంచి గోడకి తగులుతూ కొస దాకా వెళ్తుంది.

[షాట్: చీకటి గది. అడుగున రంధ్రం ఉన్న సీసా, వెనక టార్చి. పడుతున్న నీటి ధార వంపు వెంట వెలుగు.]

1840ల మొదట్లో జెనీవాలో కొలడాన్ అనే ఆయన నీటి ధారలో వెలుగుని ఇలాగే వంచి చూపించాడు. పిల్లలకి ఇంట్లో చేసి చూపించండి, వాళ్ల మొహాలు చూడాలి. తర్వాత మన పంజాబ్ నుంచి వెళ్లిన నరీందర్ సింగ్ కపానీ 1954లో గాజు పోగుల కట్టలోంచి బొమ్మను పంపి చూపించారు. 1966లో చార్లెస్ కావో, గాజులో మలినాలు తీసేస్తే వెలుగు కిలోమీటర్లు పోతుందని లెక్క కట్టారు. 2009లో ఆయనకి నోబెల్ వచ్చింది. మీ ఇంటికొచ్చే ఇంటర్నెట్ తీగ ఆ లెక్క మీదే నడుస్తోంది.

మనకి కిలోమీటర్లు అక్కర్లేదు, అర మీటరు చాలు. అందుకే గాజు వద్దు, 1 మిల్లీమీటరు లావున్న ప్లాస్టిక్ ఫైబర్ తీసుకున్నాను. ఇంటర్నెట్ గాజు తీగలో వెలుగు నడిచే భాగం లావు 9 మైక్రాన్లే, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దాన్ని ఎల్‌ఈడీకి ఎదురుగా సరిగ్గా పెట్టడానికి ఖరీదైన సామాను కావాలి. ఇదైతే బ్లేడుతో కోసి, సన్నటి గరుకు కాగితం మీద రుద్ది, వేలితో పట్టుకుని పెట్టేయొచ్చు. మొత్తం ఖర్చు తగ్గేది ముఖ్యంగా ఇక్కడే.

[షాట్: ఫైబర్ మధ్యలో ఒక అంగుళం పూత తీసి, యూ ఆకారంలో వంచారు. ఒక కొసన ఎల్‌ఈడీ, ఇంకో కొసన పడిన వెలుగుని కొలిచే ఫోటోట్రాన్సిస్టర్. ఆ కొలతని అంకెగా చూపే చిన్న ఆర్డ్యునో బోర్డు.]

ఇప్పుడు మధ్యలో ఒక అంగుళం మేర పై పూత తీసేశాను. బాగా వేడి నీళ్లలో మెత్తబరిచి, పెన్ను చుట్టూ ఇలా యూ లాగా వంచాను. వెలుగు గోడకి తగిలి వెనక్కి తిరిగేటప్పుడు పూర్తిగా లోపలే ఉండదు. ఒక వెంట్రుక లావులో వందో వంతు కూడా లేని దూరం బయటికి తొంగి చూసి వస్తుంది. ఆ తొంగి చూసిన చోట ఏముంటే దాని ప్రభావం వెలుగు మీద పడుతుంది. వంపు ఉంటే అది ఇంకా ఎక్కువగా తొంగి చూస్తుంది. ఐఐటీ బాంబేలో, ఐఐటీ మద్రాసులో ఈ యూ వంపు ఫైబర్ల మీద మంచి పని జరిగింది.

మంచినీళ్లలో ముంచాను. అవతలి కొసకి ఎంత వెలుగు చేరిందో చెప్పే ఈ అంకె చూడండి. ఇప్పుడు బెల్లం పాకంలో. పడిపోయింది కదా! పాకంలో వెలుగు నడిచే వేగం ప్లాస్టిక్‌లో వేగానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి వెలుగు కొంత బయటికి జారిపోతుంది.

చాలా వీడియోలు ఇక్కడితో ఆపి, ‘ఇదే కెమికల్ సెన్సర్’ అంటాయి. నేను ఒప్పుకోను. ఇది నీళ్లలో ఏదో ఎక్కువగా కరిగిందని మాత్రమే చెప్తుంది, ఏం కరిగిందో చెప్పదు. ఉప్పు కలిపినా అంకె పడిపోతుంది, చక్కెర కలిపినా పడిపోతుంది. లీటరులో 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ వల్ల ఈ అంకె కదలనే కదలదు. ఫలానా పదార్థాన్నే గుర్తుపట్టాలంటే దాన్ని ఎరిగిన రంగు ఒకటి మధ్యలో ఉండాలి.

[షాట్: పళ్లెంలో పసుపు నీళ్లు. చిటికెడు సున్నం పడగానే ఎర్రబడుతోంది.]

పెళ్లికూతురు గడప దగ్గర నిలబడగానే ఎర్రనీళ్లు తీస్తాం కదా. పసుపు నీళ్లలో సున్నం. పసుపులోని కర్క్యుమిన్‌కి క్షారం తగలగానే రంగు మారుతుంది. మన ఆడవాళ్ల చేతుల్లో ఈ కెమిస్ట్రీ ఎప్పటి నుంచో ఉంది. ఫైబర్ చేసేది ఆ రంగు మార్పుని అంకెలో పెట్టడం.

ఫ్లోరైడ్‌కి వాడేది స్పాడ్న్స్ అనే ఎర్ర రంగు. దీన్ని జిర్కోనియం అనే లోహంతో జత కట్టి ఉంచుతారు. ఫ్లోరైడ్ వచ్చిందంటే జిర్కోనియాన్ని తన వైపు లాగేసుకుంటుంది. జత విడిపోయి ఎరుపు పల్చబడుతుంది. ఎంత పల్చబడితే అంత ఫ్లోరైడ్. ల్యాబుల్లో ఏళ్లుగా నమ్ముతున్న పద్ధతే ఇది. వాళ్లు వాడే పెద్ద మిషన్ బదులు మనం తీగ పెడుతున్నాం, అంతే.

[షాట్: నల్ల డబ్బా. మధ్యలో చిన్న ప్లాస్టిక్ కప్పు. అటొక ఫైబర్ కొస, ఇటొక ఫైబర్ కొస, మధ్య 1 సెంటీమీటరు.]

మధ్య కప్పులో ఈ రంగు కలిపిన నీళ్లు పోస్తాం, దానికి అటూ ఇటూ రెండు ఫైబర్లు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకటి వెలుగుని తెస్తుంది, రెండోది తీసుకెళ్తుంది. ఈ రంగుని 570 నానోమీటర్ల దగ్గర చూడాలి, అంటే పసుప్పచ్చ వెలుగులో; నానోమీటర్లు వెలుగు ఏ రంగో చెప్పే కొలత. షాపులో ‘గ్రీన్ ఎల్‌ఈడీ’ అడిగితే కళ్లు జిగేల్‌మనే కొత్త రకం ఇస్తారు, అది 520 దగ్గర ఉంటుంది. మనకి వద్దు. పాత స్టెబిలైజర్ల మీద మసగ్గా వెలిగే పసుప్పచ్చ రకం అడగండి. ధర రూపాయల్లోనే ఉంటుంది, 570కి దగ్గరగా ఉంటుంది.

నేరుగా ఎల్‌ఈడీనే కప్పుకి అతికించొచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, అతికించొచ్చు. కానీ ఈ రీఏజెంట్‌లో, అంటే నీళ్లలో కలిపే ఆ ఎర్ర రంగు మందులో, యాసిడ్ ఉంటుంది, దాని ఆవిరికి ఎల్‌ఈడీ కాళ్లు తుప్పు పడతాయి. ఫైబర్ అయితే ప్లాస్టిక్, దానికేం కాదు. కరెంటు నీళ్ల దగ్గరికే రాదు. పక్కన బోరు మోటారు స్టార్టర్ టప్పుమన్నా తీగలోని వెలుగు చెదరదు.

[షాట్: ఎండలో బోరు దగ్గర తీసిన పాత క్లిప్. గొడుగు కింద డబ్బా.]

ఈ క్లిప్ పోయిన మే నెలది. ఇంట్లో నెల రోజులు చక్కగా పని చేసిన డబ్బా. ఊరికి తీసుకెళ్లి అదే నీళ్లు మూడుసార్లు పెడితే మూడు అంకెలు వచ్చాయి. చుట్టూ జనం, నాకేమో టెన్షన్. ఇంటికొచ్చి కూర్చుంటే కారణాలు ఒక్కొక్కటీ బయటపడ్డాయి. ఎల్‌ఈడీ వేడెక్కితే వెలుగు తగ్గుతుంది. డబ్బా సందులోంచి ఎండ లోపలికి దూరుతోంది. అన్నిటికంటే పెద్ద తప్పు నాది: పోల్చడానికి తెచ్చిన, ఫ్లోరైడ్ ఎంతుందో ముందే తెలిసిన నీళ్లు ఐస్ బాక్సులో చల్లగా ఉన్నాయి, బోరు నీళ్లు వెచ్చగా ఉన్నాయి. ఈ రంగు వేడిమిని బట్టి కూడా మారుతుంది. పోల్చే నీళ్లు, పరీక్షించే నీళ్లు ఒకే వేడిమిలో ఉండాలని పద్ధతిలోనే రాసి ఉంది. నేను చదివి కూడా పట్టించుకోలేదు.

ఇప్పుడు అన్ని సీసాలూ ఒకే బకెట్ నీళ్లలో అరగంట నిలబెడతాను. ఎల్‌ఈడీని ఆర్పి ఒకసారి, వెలిగించి ఒకసారి కొలిచి, మొదటిదాన్ని తీసేస్తాను. దాంతో ఎండ లెక్కలోంచి పోతుంది. ప్రతి ఊళ్లో మొదట డిస్టిల్డ్ వాటర్ పెట్టి మొదలుపెడతాను.

[తెర మీద: సోడియం ఫ్లోరైడ్ 221 మి.గ్రా. → 1 లీటరు → లీటరుకు 100 మి.గ్రా. ఫ్లోరైడ్]

పోల్చే నీళ్లు ఇలా చేస్తారు. 221 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో. అందులోంచి 1 మిల్లీలీటరు తీసి డిస్టిల్డ్ వాటర్‌తో 100 మిల్లీలీటర్లకి పెంచితే లీటరుకు 1 మిల్లీగ్రాము. అలాగే సున్నా, 0.5, 1.4 చేసుకుని, ఒక్కోదానికి డబ్బా చూపిన అంకెతో గ్రాఫు మీద గీత గీస్తాం. 1.4 దాటితే ఆ గీత మీద నమ్మకం పెట్టుకోకూడదు. అలాంటప్పుడు నీళ్లని సగానికి పల్చబరిచి కొలిచి, రెట్టింపు చేయండి. సోడియం ఫ్లోరైడ్ విషం. రీఏజెంట్‌లో యాసిడ్‌తో పాటు కొన్ని రకాల్లో ఆర్సెనిక్ కూడా ఉంటుంది. కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో, లెక్చరర్ పక్కన ఉండగా, గ్లవ్స్ వేసుకునే చేయండి. మిగిలింది కాలవలో పారబోయకండి.

ఇంకొకటి, ఇది దయచేసి గుర్తుంచుకోండి. ఇందులో వెలుగు ఎక్కువ దాటితే ఫ్లోరైడ్ ఎక్కువని అర్థం. నీళ్లు బురదగా ఉంటే వెలుగు ఆగిపోతుంది, డబ్బా తక్కువ చూపిస్తుంది. పటిక వేసి తేర్చిన నీళ్లలోనూ అంతే, పటికలోని అల్యూమినియం ఫ్లోరైడ్‌ని పట్టేసుకుంటుంది. రెండు సందర్భాల్లోనూ చెడ్డ నీళ్లు మంచివిగా కనిపిస్తాయి. ఎక్కువ చూపిస్తే మహా అయితే ఒక బిందె వృథా, తక్కువ చూపిస్తే పసిపిల్లలు తాగుతారు. అందుకే బురద నీళ్లని ఫిల్టర్ పేపర్‌లో వడకట్టకుండా నేను అంకె చెప్పను. పటిక వేసిన నీళ్లని అసలు తీసుకోను. 1.5కి అటూ ఇటూగా వస్తే ఆ శాంపిల్ ల్యాబ్‌కే పంపుతాను.

[షాట్: ఖాళీ ప్లాస్టిక్ సీసా, మార్కర్ పెన్ను, బోరు పంపు.]

మీ ఊరి నీళ్లు చూపించాలనుకుంటే ఇలా పట్టండి. మోటారు వేశాక ఐదు నిమిషాలు నీళ్లు వదిలేయండి. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాని అదే నీళ్లతో మూడుసార్లు కడిగి, నిండా పట్టి మూత బిగించండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలిసే అవకాశం ఉంది. సీసా మీద ఊరు, బోరు ఎవరి పొలంలోదో, ఎన్ని అడుగులో, తేదీ రాయండి. ఎన్ని అడుగులన్నది మాత్రం మర్చిపోకండి.