గీత పడ్డ ప్లాస్టిక్: కారు లోపల ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు

(ఒంగోలులో ట్యాక్సీ డ్రైవర్లకు, వాటర్ సర్వీసింగ్ షాపుల వాళ్లకు ఇచ్చిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం.

కారు బయట గీత పడితే ఆ రోజే పెయింటర్ దగ్గరికి తీసుకుపోతాం. లోపల డోర్ ప్యాడ్ మీదో, డిక్కీ పక్కలో పడ్డ తెల్ల గీతను పోనీలే అని వదిలేస్తాం. వదిలేసినా పెద్ద నష్టం లేదు. చేతికందిన పాలిష్ పూసి రుద్దినప్పుడే అసలు నష్టం. మన దగ్గరికి వచ్చే పాడైన ప్లాస్టిక్కుల్లో చాలావరకు వాడి పాడైనవి కావు, తుడిచి పాడైనవి. కాబట్టి ముందు తుడవడం గురించి, తర్వాత గీతల గురించి మాట్లాడదాం.

ఈ బల్ల మీద ఉన్న డోర్ ప్యాడ్ చూడండి. ముందు వైపు చూస్తే ఏమీ తెలియదు. వెనక్కి తిప్పితే స్క్రూ గుంట పక్కన రెండు బాణపు గుర్తుల మధ్య చిన్న అక్షరాలు కనపడతాయి: పీపీ, ప్లస్, ఈపీడీఎం, టీడీ20. పీపీ అంటే పాలీప్రొపిలీన్. ఈపీడీఎం అంటే దెబ్బ తట్టుకోవడానికి కలిపిన రబ్బరు. టీడీ20 అంటే అందులో 20 శాతం టాల్క్ పొడి ఉందని. డోర్ ప్యాడ్ కింది భాగం, డిక్కీ గోడలు, గడప పట్టీలు ఎక్కువగా ఈ రకమే. గీత తెల్లగా ఎందుకు కనపడుతుందో కూడా ఇక్కడే ఉంది. టాల్క్ తెల్లన. నల్ల ప్లాస్టిక్‌ని సూట్‌కేసు మూల గీరితే పైపొర సాగి చిట్లుతుంది, లోపలి పొడి బయటపడుతుంది. రంగు పోలేదు, పైపొర నలిగింది, అంతే.

ఏసీ గ్రిల్లు చుట్టూ, గేర్ దగ్గర ఉండే గట్టి ముక్కలు ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌వి, లేదా ఏబీఎస్‌లో పాలీకార్బొనేట్ కలిపినవి. డ్యాష్‌బోర్డు పైన వేలితో నొక్కితే మెత్తగా తగిలే తోలులాంటి పొర చాలా కార్లలో పీవీసీ. స్పీడోమీటర్ ముందున్న అద్దం అక్రిలిక్ కావచ్చు, పాలీకార్బొనేట్ కావచ్చు. ఒకదానికి పనికొచ్చే మందు ఇంకోదానికి విషం. అందుకే ఏది ముట్టుకున్నా ముందు ఏ ప్లాస్టికో చూసుకోండి. వెనక వైపు చూసే వీలు లేకపోతే, బయటికి కనపడని మూలలో రూపాయి బిళ్లంత మేర పరీక్ష చేసి, పది నిమిషాలు ఆగి చూడండి.

ఇక దుమ్ము. చీమకుర్తి క్వారీల దారిలో రోజూ తిరిగే కారులో డ్యాష్‌బోర్డు మీద పేరుకునేది మామూలు మట్టి కాదు, రాతి పొడి. మైపాడుకో, కొత్తపట్నానికో పోయొచ్చిన బండిలో గడప పట్టీల మీద ఉండేది బీచ్ ఇసుక. ఇసుకలోని క్వార్ట్జ్ గట్టితనం, పది దాకా ఉండే మోస్ కొలమానంలో 7. ఏ ప్లాస్టిక్కూ దాని దరిదాపుల్లోకి రాదు. ఆ పొడి మీద ఎండు గుడ్డ పెట్టి రుద్దడమంటే ఎమరీ పేపరుతో రుద్దినట్టే. అందుకని ముందు వ్యాక్యూమ్, దాంతో పాటే బ్రష్. పెయింటింగ్ బ్రష్ వాడేవాళ్లు ఒకటి గమనించాలి. వెంట్రుకలు మెత్తగానే ఉంటాయి గానీ వాటిని పట్టి ఉంచిన రేకు పట్టీ గ్రిల్లు అంచులకి తగిలి గీతలు పెడుతుంది. ఆ పట్టీకి రెండు చుట్లు ఇన్సులేషన్ టేపు చుట్టండి. బ్లోయర్ కొడితే దుమ్ము సీట్ల మీదికి పోతుంది, కాబట్టి బ్లోయర్ ముందు, సీట్ల పని ఆ తర్వాత.

తడి తుడుపుకి లీటరు నీళ్లలో ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల షాంపూ చాలు. జిడ్డు ఎక్కువగా ఉంటే ఆల్ పర్పస్ క్లీనర్ ఒక వంతుకి పది వంతుల నీళ్లు. స్ప్రే గుడ్డ మీద కొట్టండి, ప్లాస్టిక్ మీద కొట్టొద్దు. పవర్ విండో స్విచ్చుల్లోకి నీళ్లు దిగితే ఆ రోజు పనిచేస్తాయి, నెల తర్వాత కాంటాక్టులకి చిలుము పట్టి మొరాయిస్తాయి. అప్పుడు కస్టమర్‌కి మీరు గుర్తుండరు, మీకు కస్టమర్ గుర్తుండడు, స్విచ్చు ఖర్చు మాత్రం ఆయనకి మిగులుతుంది. మైక్రోఫైబర్ గుడ్డని నాలుగు మడతలు వేస్తే ఎనిమిది ముఖాలొస్తాయి. ఒక ముఖం మురికైతే తిప్పండి. సబ్బు తుడుపు తర్వాత ఉత్త తడిగుడ్డతో ఇంకోసారి తుడవాలి. ఈ రెండో తుడుపు మానేస్తే సబ్బు పొర మిగిలిపోతుంది, మూడో రోజుకే దుమ్మంతా దానికి అతుక్కుంటుంది.

ఆ ఆఖరి తుడుపుకి బోరు నీళ్లు వద్దు. కనిగిరి, పొదిలి వైపు నీళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు, ఆరితే తెల్ల మచ్చలే. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా పక్కన పెట్టుకోండి, ఒక కారుకి గ్లాసుడు కూడా పట్టదు.

మన బళ్లలో మాత్రమే కనపడే మరక ఒకటుంది. వాహన పూజ పసుపు. స్టీరింగ్ మీద, డ్యాష్‌బోర్డు మీద తడి పసుపు పెడతాం, అది గరుకు ప్లాస్టిక్ గుంటల్లోకి దిగుతుంది. దాని మీద బట్టల సోడానో, ఘాటైన క్షారం క్లీనరో వేస్తే పసుపు కాస్తా ఎర్రబడుతుంది. ముందు ఎండు బ్రష్‌తో రాలినంత రాల్చి వ్యాక్యూమ్ పెట్టండి. ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపిన గుడ్డ. పసుపులోని రంగు ఆల్కహాల్‌లో కరుగుతుంది. మిగిలిన ఛాయని ఎండే చూసుకుంటుంది, ఆ రంగు వెలుతురుకి నిలవదు. కుంకుమకి మాత్రం తడి ముందు పెట్టొద్దు, పూర్తిగా పొడిగా లాగేశాకే తడి.

కిరసనాయిలు, డీజిల్, పెట్రోల్, తిన్నర్. ఈ నాలుగూ కారు లోపలికి రాకూడదు. డీజిల్ గుడ్డతో తుడిస్తే ఆ పూట నల్లగా నిగనిగలాడుతుంది, నిజమే. పీపీ ఆ నూనెని కొంత పీల్చుకుని ఉబ్బుతుంది, వాసన వదలదు. ఏబీఎస్‌ని తిన్నర్ నేరుగా కరిగిస్తుంది. అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ పాలీకార్బొనేట్ మీద పడితే వెంట్రుకవాసి పగుళ్లొస్తాయి. డోర్ హ్యాండిల్ దగ్గర వేలిముద్రలు అచ్చు గుద్దినట్టు ఉండిపోయిన బళ్లు చూసే ఉంటారు. దోమల క్రీముల్లో ఉండే డీట్ అనే మందు చాలా ప్లాస్టిక్కుల్ని మెత్తబరుస్తుంది. క్రీము రాసుకున్న చేత్తో డోర్ లాగితే ఆ గుర్తు ఇక తుడిచినా పోదు.

ఇప్పుడు గీతల దగ్గరికి వద్దాం. కంటికి గీతలా కనపడేదంతా గీత కాదు. చెప్పు అంచు రబ్బరు, సూట్‌కేసు పెయింటు ప్లాస్టిక్‌కి అంటుకుని గీతలా కనపడతాయి. గోరు అడ్డంగా పోనివ్వండి. తట్టుకోకపోతే అది మరకే కావచ్చు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డతో నాలుగైదు సార్లు మెల్లగా తుడిస్తే పోతుంది. ఈ ఆల్కహాల్ స్పీడోమీటర్ అద్దం మీద మాత్రం వద్దు, అక్రిలిక్ అయితే చిట్లుతుంది.

గోరుకి కొద్దిగా తట్టుకుని, తెల్లగా ఉండి, ప్లాస్టిక్ పీపీ అయితే హీట్ గన్. చూడండి, ఇప్పుడు చేస్తాను. గన్‌కి రెండు వేగాలున్నాయి, చిన్నదే వాడాలి. ముక్కు నుంచి ప్యాడ్‌కి ఆరంగుళాల దూరం. చెయ్యి ఒక్కచోట ఆగకూడదు, ఇస్త్రీ చేసేటప్పుడు కదిలినట్టు కదులుతూనే ఉండాలి. గీత చివర్లు చూడండి... ఇదిగో, తెలుపు మాయమవుతోంది. ఇక్కడే ఆపేయాలి. ఇంకో నాలుగు సెకన్లు ఉంచితే ఏమవుతుందో ఈ పక్క ముక్క మీద చూపిస్తా. చూశారా, చుట్టూ గరుకు కరిగిపోయి అద్దంలా మచ్చ పడింది. గీత పోయింది, మచ్చ వచ్చింది. గీత కన్నా ఈ మచ్చే దూరానికి కనపడుతుంది. పీపీ కరిగేది 160 డిగ్రీల పైన, కానీ పైన ఉన్న సన్నని గరుకు అంతకు ముందే మెత్తబడి కూలిపోతుంది. ఏబీఎస్ వంద డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, కాబట్టి దాని మీద గన్ పెడితే ముక్క వంకర పోతుంది. పీవీసీ తోలు ముడుచుకుంటుంది. గన్ పని పీపీకే.

గీత లోతుగా దిగినా, పగులు వచ్చినా వేడితో పోదు, నింపాలి. ఇక్కడే మనోళ్లు ఎక్కువ తప్పులు చేస్తారు. పీపీకి మామూలు జిగురు ఏదీ పట్టదు. ఫెవిక్విక్ పెడితే ఆ పూట నిలిచినట్టే ఉంటుంది, తర్వాత ఊడుతుంది, పైగా దాని ఆవిరి చుట్టుపక్కల తెల్లటి బూజులా పేరుకుంటుంది. కేబుల్ టైని కరిగించి పోయడం ఇంకో అలవాటు. టై నైలాన్, ప్యాడ్ పీపీ, రెండూ కలవవు. పీపీకి పీపీనే పోయాలి. అదే ప్యాడ్ వెనక కనపడని పట్టీ నుంచి సన్నని పుల్ల కోసుకోండి. పగులు వెంట వెనక వైపు నుంచి రెండు మిల్లీమీటర్ల లోతు వీ ఆకారపు గాడి తీయండి. చదును మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్‌తో గాడి గోడలూ పుల్లా రెండూ ఒకేసారి కరిగేలా కలుపుతూ పోండి. పుల్ల ఒక్కటే కరిగి పైన కూర్చుంటే అది అతుకు కాదు.

ఏబీఎస్ అయితే పని సులువు. అదే రకం పాత ముక్కని సన్నగా తరిగి గాజు సీసాలో అసిటోన్ పోసి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి ముద్దవుతుంది. పగుల్లో పల్చగా పొరలు పొరలుగా పెట్టండి. ఒకేసారి మందంగా పెడితే పైపొర ఆరి లోపల అసిటోన్ చిక్కుకుంటుంది, బుడగలొస్తాయి, తర్వాత గుంట పడుతుంది. ఒక రోజు ఆరనిచ్చాకే రుద్దాలి. గాలి ఆడే చోట చేయండి, పక్కన బీడీ సిగరెట్ ఉండకూడదు.

నింపిన చోట నున్నగా ఉంటుంది, చుట్టూ గరుకు ఉంటుంది. ఆ తేడా కప్పాలంటే అచ్చు తీయాలి. రెండు పాళ్లు కలిపే సిలికోన్ ముద్దని గరుకు బాగున్న చోట ఒత్తి, గట్టిపడ్డాక ఊడదీస్తే అచ్చు వస్తుంది. నింపిన చోటుని మెత్తబడేంత వేడి చేసి ఆ అచ్చుని అర నిమిషం ఒత్తి పట్టుకుని, చల్లారాకే తీయాలి.

డ్యాష్‌బోర్డు మీద, స్టీరింగ్ మధ్యలో, పక్క పిల్లర్ల మీద ఎస్ఆర్ఎస్ అని రాసి ఉంటే అక్కడ గన్ పెట్టొద్దు, నింపొద్దు, రుద్దొద్దు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడానికి ఆ మూత లోపల చీలే గీత ముందే పెట్టి ఉంటుంది. దాన్ని ఎపాక్సీ జిగురుతో గట్టి చేస్తే చీలాల్సిన చోట చీలదు, ముక్కలై మనిషి మీదికి రావచ్చు. ఆ ముక్క పగిలితే కొత్తది వేయడం ఒక్కటే దారి. బేరమాడే కస్టమర్‌కి కూడా ఈ మాటే చెప్పండి.

కోస్తా బళ్లకి ఇంకో రోగం, జిగట. స్విచ్చుల మీద, హ్యాండిళ్ల మీద రబ్బరులా మెత్తగా ఉండే పూత పాలీయురేథేన్. మన ఉక్కపోత గాలిలోని తేమకి అది కొన్నేళ్లలో విడిపోయి బంకగా మారుతుంది. టాల్కం పౌడర్ అద్దడం వల్ల లాభం లేదు. మొత్తం పూత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి తీసేయండి, కింద గట్టి ప్లాస్టిక్ బాగానే ఉంటుంది. స్విచ్చు మీది బొమ్మలు కూడా పోవచ్చు, ముందే కస్టమర్‌కి చెప్పి చేయండి.

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ముందు అద్దం రెండు పొరలది, అతినీల కిరణాల్ని చాలావరకు ఆపుతుంది, కానీ వేడిని అంతగా ఆపదు. ఆ వేడికి పీవీసీలోని మెత్తబరిచే నూనె ఆవిరై అద్దం లోపలి వైపు పొగలా పేరుకుంటుంది. తుడిచినా వారానికి మళ్లీ వచ్చే ఆ మసక ఎక్కడిదని అడుగుతుంటారు, అదే ఇది. ముందు అద్దానికి వెండి రంగు షేడ్ పెడితే సగం బాధ తీరుతుంది.

పూత పూయాలంటే నీళ్ల బేస్ డ్రెస్సింగే వాడండి. సిలికోన్ నూనె పాలిష్ తళతళలాడుతుంది గానీ దుమ్ము పట్టిస్తుంది. రాత్రి హైవే మీద ఎదుటి లైట్లకి డ్యాష్‌బోర్డు నీడ అద్దంలో కనపడుతుంది. రేపు ఆ ముక్కకి పెయింటు వేయాల్సి వస్తే చేపకళ్లలా గుంటలు పడతాయి. కంపెనీ నుంచి వచ్చినప్పుడు డ్యాష్‌బోర్డు మెరవదు, మెరవకూడదనే అలా చేశారు. డ్రెస్సింగ్ కూడా చల్లని ప్లాస్టిక్ మీద పల్చగా పూసి, ఐదు నిమిషాలాగి పొడి గుడ్డతో పూర్తిగా తీసేయండి. స్టీరింగ్, పెడల్స్, గేర్ నాబ్‌కి ఏదీ పూయొద్దు, జారతాయి.

పియానో బ్లాక్ ముక్కలు, అంటే అద్దంలా మెరిసే నల్ల ముక్కలు, దుమ్ము మీద గుడ్డ పెట్టిన మొదటి రోజే గీతలు పడతాయి. సన్నవైతే ఫినిషింగ్ పాలిష్‌ని స్పాంజితో చేత్తోనే రుద్దండి, మిషన్ వేడికి ఏబీఎస్ మెత్తబడుతుంది. కొత్త కారైతే వాటికి, గడప పట్టీలకి మొదటి వారంలోనే పీపీఎఫ్ అనే గీతలు పడకుండా కాపాడే పారదర్శక ఫిల్మ్ వేయించడం మేలు. టచ్ స్క్రీన్‌కి పాలిష్ పనికిరాదు, మెరుపు తగ్గించే పైపూత మచ్చలు మచ్చలుగా లేచిపోతుంది.

గన్ ఇక్కడే ఉంది, పాత ప్యాడ్ ముక్కలు బస్తాలో ఉన్నాయి. ఒక్కొక్కరు రెండు ముక్కలు తీసుకోండి. ఒకదాన్ని కావాలని కాల్చి చూడండి, ఎక్కడ ఆపాలో అప్పుడు తెలుస్తుంది.