క్రూయిజ్‌లో తిండికి వేళాపాళా మనమే పెట్టుకోవాలి

[దృశ్యం: తెల్లవారుజామున ఓడ పై డెక్. తడిసిన నేల, ఖాళీ నడక దారి, పక్కన సముద్రం.]

వ్యాఖ్యానం: ఇంట్లో తిండికి ఒక వేళంటూ ఉంటుంది. వంటయ్యేదాకా ఆగుతాం, తిన్నాక గిన్నెలు సర్దేస్తాం, వంటగదిలో లైటు ఆర్పేస్తాం. క్రూయిజ్ ఓడలో ఈ మూడూ ఉండవు. బఫే మూసినా పిజ్జా కౌంటరో ఐస్‌క్రీం మెషీనో తెరిచే ఉంటుంది. అర్ధరాత్రి ఫోను చేసినా చాలా ఓడల్లో క్యాబిన్‌కే తెచ్చిస్తారు. పైగా తిండి ఖర్చు చాలామటుకు టికెట్‌లోనే కట్టేశాం కాబట్టి, వదిలేస్తే నష్టపోతామేమో అనిపిస్తుంది. ఓడలో ఒళ్లు పెరిగేది ఎక్కువగా ఆకలి లేకుండా తిన్నదానివల్లే. నోరు కట్టేసుకోమని మేం చెప్పం. వేళ ఎలా పెట్టుకోవాలో చెప్తాం.

[తెరపై అక్షరాలు: ఎక్కకముందే]

వ్యాఖ్యానం: మధుమేహం, రక్తపోటు, గోధుమల్లో ఉండే గ్లూటెన్ పడకపోవడం లాంటివి ఉంటే టికెట్ కొన్నప్పుడే, లేదా కనీసం నెల ముందే కంపెనీకి రాసి పంపండి. ఓడ బయల్దేరాక వంటగదికి కొత్త సరుకులు సులువుగా దొరకవు. ఎక్కిన రోజే డైనింగ్ హాల్‌లో హెడ్ వెయిటర్‌ను కలిసి ఇంకోసారి చెప్పండి. రేపటి మెనూ ఈ రాత్రే చూపించమని అడిగితే, ఉప్పు తక్కువగానో సాస్ లేకుండానో మీ వంటకం విడిగా వండించే వీలుంటుంది. అప్పటికప్పుడు టేబుల్ దగ్గర అడిగితే, ముందే కలిపి పెట్టిన సాస్‌లోంచి ఉప్పు తీసేయడం ఎవరివల్లా కాదు.

డైనింగ్ హాల్‌లో రెండు పంక్తులుంటే మొదటి పంక్తే తీసుకోండి. రెండోది మామూలుగా రాత్రి ఎనిమిది ప్రాంతంలో మొదలవుతుంది. నాలుగు వడ్డనలు పూర్తయ్యేసరికి పది దాటుతుంది, తిన్నది తిన్నట్టే పడుకోవాల్సి వస్తుంది.

[దృశ్యం: బఫే. ఖాళీ చేతులతో ఒకామె కౌంటర్ల వెంట మెల్లగా నడుస్తూ చూస్తోంది.]

వ్యాఖ్యానం: ఈమె చేతిలో ప్లేటు లేదు, గమనించారా? బఫేలో మొదటి పని ఇదే. ఉత్త చేతులతో ఒక చుట్టు పూర్తిగా తిరిగి రండి. ప్లేటు పట్టుకుని వరసలో నిలబడితే, ముందు కనబడినవాటితోనే అది నిండిపోతుంది. నచ్చినవి చివర్లో కనబడతాయి, వాటికోసం రెండో ప్లేటు వస్తుంది. చుట్టు తిరిగినప్పుడే నిజంగా తినాలనిపించే రెండు వంటకాలు మనసులో ఎంచుకోండి.

[దగ్గరి షాట్: సలాడ్ కౌంటర్ దగ్గర చిన్న ప్లేటు. ఒక్కొక్కటీ పడుతోంది.]

వ్యాఖ్యానం: ఇప్పుడు సలాడ్ కౌంటర్ దగ్గరుండే చిన్న ప్లేటు తీసుకోండి. సగం కూరగాయలు. పావు వంతు చేపో, కోడిమాంసమో, గుడ్డో, పప్పు దినుసులో. మిగిలిన పావులో అన్నం, బ్రెడ్డు, బంగాళాదుంప, వీటిలో ఏదో ఒక్కటి. సలాడే కదా అని నూనె కలిపిన డ్రెస్సింగ్ గరిటెతో పోసేస్తే మాత్రం లెక్క తప్పుతుంది. ఒక టేబుల్‌స్పూన్ నూనెలోనే దాదాపు 120 కేలరీలుంటాయి. అందుకే చిన్న గిన్నెలో విడిగా తెచ్చుకుని ఫోర్కుతో అద్దుకోండి.

కౌంటర్‌కు వీపు పెట్టి, కిటికీ పక్కన కూర్చోండి. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరడానికి దాదాపు ఇరవై నిమిషాలు పడుతుంది. తీపి కావాలంటే ఆ ఇరవై నిమిషాలయ్యాకే లేవండి. ఒక్కటే తెచ్చుకుని, తృప్తిగా తినండి. తీపి తినడంలో తప్పేమీ లేదు, నాలుగు రకాలు తెచ్చుకుని ఒక్కోటి కొరికి వదిలేయడంలోనే ఉంది నష్టమంతా.

[దృశ్యం: బఫే ద్వారం దగ్గర చేతులు కడుక్కునే సింకు.]

వ్యాఖ్యానం: ఈ సింకును దాటిపోకండి. ఓడల్లో వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ మీద శానిటైజర్ జెల్ సరిగా పనిచేయదు. సబ్బు, నీళ్లు, ఇరవై సెకన్లు. అందరూ పట్టుకునే వడ్డన గరిటె ముట్టుకున్నాక అదే చేత్తో బ్రెడ్డు తుంచుకోవడం ప్రమాదం. వడ్డించుకోవడం అయ్యాక ఇంకోసారి కడుక్కుంటే ఇంకా మేలు. సోకిందంటే లక్షణాలు 12 నుంచి 48 గంటల్లో బయటపడతాయి. అప్పుడు జిమ్మూ వద్దు, బఫే అంతకన్నా వద్దు. ఓడలోని వైద్య కేంద్రానికి ఫోను చేసి క్యాబిన్‌లోనే ఉండండి.

[దృశ్యం: బార్ కౌంటర్, రంగురంగుల గ్లాసులు.]

వ్యాఖ్యానం: చాలామంది ప్లేటు దగ్గర జాగ్రత్తపడి, గ్లాసు దగ్గర దొరికిపోతారు. 330 మిల్లీలీటర్ల కోలాలో 35 గ్రాముల చక్కెర ఉంటుంది. రోజు మొత్తానికి 25 గ్రాములలోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. కొబ్బరి క్రీమ్, జ్యూస్ కలిపిన పెద్ద కాక్‌టెయిల్ ఒక్కటే 400 కేలరీలు దాటొచ్చు. రోజుకింత అని కట్టే డ్రింక్ ప్యాకేజీ కొంటే, గిట్టుబాటు కావాలని ఇంకో గ్లాసు అడుగుతాం. తక్కువ తాగేవాళ్లు విడిగా కొనుక్కోవడమే నయం.

[దృశ్యం: పై డెక్ నడక దారి. గోడ మీద చుట్ల లెక్క చెప్పే బోర్డు.]

వ్యాఖ్యానం: ఇక నడక. ఎన్ని చుట్లు తిరిగితే ఒక మైలో, కిలోమీటరో ఈ బోర్డు మీద రాసి ఉంటుంది. ఐదు చుట్లకు ఒక మైలు, అంటే 1.6 కిలోమీటర్లు అని ఉంటే, చురుగ్గా అరగంట నడిచినప్పుడు ఎనిమిది, తొమ్మిది చుట్లవుతాయి. వారంలో ఐదు రోజులు అలా నడిస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 150 నిమిషాలు పూర్తయినట్టే.

ఓడ గంటకు 35 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, గాలి లేని రోజున కూడా అంత గాలి ఎదురుగా కొడుతుంది. ఓడ ముందుకు పోయే వైపు నడిచేటప్పుడు కాళ్లు బరువెక్కుతాయి, వెనక్కి తిరగ్గానే ఎవరో తోసినట్టుంటుంది. అందుకని వేగం చూసుకోకండి, నిమిషాలు చూసుకోండి. తెల్లవారుజామున డెక్ కడిగి ఉంటారు కాబట్టి జారని బూట్లు తప్పనిసరి. కింద క్యాబిన్లుంటే ఆ వేళలో పరుగు ఒప్పుకోరు, నడవాల్సిందే.

మెట్లు మాత్రం ఎప్పుడూ ఖాళీయే. క్యాబిన్ ఏడో డెక్ మీద, బఫే పద్నాలుగో డెక్ మీద ఉందనుకోండి. మూడు పూటలకీ ఎక్కితే ఇరవై ఒక్క అంతస్తులు. మోకాళ్ల నొప్పులుంటే ఎక్కడానికి మెట్లు, దిగడానికి లిఫ్టు వాడండి, దిగేటప్పుడే మోకాలి మీద భారం ఎక్కువ.

[దృశ్యం: ఓడ ముందు భాగంలో జిమ్. అద్దాల బయట అలలు.]

వ్యాఖ్యానం: జిమ్ చాలా ఓడల్లో పైన, ముందు వైపున ఉంటుంది. దృశ్యం అందంగా ఉంటుంది, కానీ ఊపు ఎక్కువగా తెలిసేదీ అక్కడే. ఓడ ముక్కు పైకి లేచినప్పుడు ఒళ్లు బరువెక్కినట్టు, దిగినప్పుడు కాళ్ల కింద నేల జారినట్టు ఉంటుంది. అలాంటప్పుడు ట్రెడ్‌మిల్ వద్దు, డంబెల్స్ తలపైకి ఎత్తడం అసలే వద్దు. కూర్చుని తొక్కే సైకిలో, రోయింగ్ మెషీనో ఎంచుకోండి. సముద్రం మీదే గడిచే రోజున పొద్దున జిమ్‌లో చోటు దొరకదు. రేవులో ఆగిన రోజు మధ్యాహ్నం వెళ్తే హాయిగా ఉంటుంది.

క్యాబిన్‌లో కూడా పన్నెండు నిమిషాల్లో పని అవుతుంది. గుంజీలు పదిహేను, మంచం అంచు మీద చేతులు పెట్టి పుషప్‌లు పది, సాగే బ్యాండ్‌ను ఛాతీ వైపు లాగడం పదిహేను, మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు తిన్నగా ఆపి ఉంచే ప్లాంక్ ముప్పై సెకన్లు. ఈ వరస మూడుసార్లు. గెంతే వ్యాయామాలు మాత్రం వద్దు, కింద క్యాబిన్ వాళ్లకు నిద్ర ఉండదు.

వికారంగా ఉంటే కడుపు ఖాళీగా ఉంచకండి. ఉప్పు బిస్కెట్లు, యాపిల్, అల్లం కొద్దికొద్దిగా తింటూ, నడిమి భాగంలో కింది డెక్ మీద కూర్చుని దూరంగా నింగీ నీరూ కలిసే గీతను చూడండి. వికారం మాత్రల్లో చాలావాటికి మత్తు వస్తుంది, అవి వేసుకున్న రోజు వ్యాయామం మానేయండి.

[దృశ్యం: రేవులో దిగుతున్న ప్రయాణికులు, భుజాన సంచులు.]

వ్యాఖ్యానం: రేవులో దిగే రోజు బఫేలోంచి పండ్లు సంచిలో వేసుకోకండి. తాజా పండ్లు, మాంసం చాలా దేశాలు రానివ్వవు, జరిమానా కూడా పడుతుంది. నీళ్ల సీసా నింపుకుని, కడుపునిండా టిఫిన్ చేసి దిగండి. బస్సు యాత్ర కాకుండా నడక యాత్ర ఎంచుకుంటే ఆ రోజుకు వేరే వ్యాయామం అక్కర్లేదు. గడియారం మాత్రం ఓడ సమయానికే ఉంచుకోండి.

[దృశ్యం: ఇంట్లో బరువు తూచే యంత్రం.]

వ్యాఖ్యానం: తిరిగొచ్చిన మర్నాడే బరువు చూసుకుని బెంగపడకండి. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది. పిండిపదార్థం ఒంట్లో గ్లైకోజెన్‌గా దాచుకున్న ప్రతి గ్రాముకీ దాదాపు మూడు గ్రాముల నీరు తోడుంటుంది. కిలో కొవ్వు చేరాలంటే అవసరానికి మించి 7,700 కేలరీల దాకా తినాలి, కాబట్టి పెరిగిన అంకెలో కొంత నీరే. మామూలు తిండికి వచ్చి ఐదారు రోజులయ్యాక, పొద్దున్నే ఏమీ తినకముందు తూచుకోండి. అప్పుడు కనబడే అంకెనే లెక్కలోకి తీసుకోండి.