చదవడం నేర్పాలనుకుంటున్నారా? అ, ఆ నుంచి మొదలుపెట్టకండి

[తెర మీద: దేవరకొండ వైపు ఒక తండా. పంచాయతీ ఆఫీసు వరండాలో పిల్లలు.]

నమస్తే. మీ ఊళ్లో నాలుగో తరగతి పిల్లకు తెలుగు పుస్తకం ఇచ్చి చూడండి. పాఠం గడగడా అప్పజెప్తుంది. మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టి "ఇదేంది బిడ్డా?" అంటే నోరు మెదపదు. పాఠం నోటికి వచ్చింది, చదవడం రాలేదు. ఇలాంటి పిల్లలకు రోజూ ఓ అరగంట ఇద్దామనుకునే వాళ్ల కోసమే ఈ వీడియో.

ముందు పిల్ల ఎక్కడ ఆగిందో చూడాలి. పల్లె పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చో చూసేందుకు ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వేలో వాడే పద్ధతి మనకూ పనికొస్తుంది.

[తెర మీద: పేరా, కథ, పదాలు, అక్షరాలు]

ముందు ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా చదివించండి. చదివితే రెండో తరగతి స్థాయి కథ ఇవ్వండి. పేరా దగ్గరే తడబడితే పదాలకు, అవీ రాకపోతే అక్షరాలకు దిగండి. పదాలైనా, అక్షరాలైనా ఐదింటిలో నాలుగు చెప్తే అది వచ్చినట్టే. తరగతిని బట్టి కాదు, దీన్ని బట్టే జట్లు కట్టండి. పెద్ద పిల్లాడు తన చెల్లె పక్కన కూర్చోవాల్సి రావచ్చు. వాడు నామోషీ పడకుండా చూసుకోవడం మీ పనే.

అక్షరాల దగ్గర ఆగినవాళ్లకు వర్ణమాల మొత్తం వద్దు. త, ల, క, ప, వ చాలు.

[తెర మీద: తల, కల, వల, పలక, కలప]

ఐదు అక్షరాలతో ఇన్ని పదాలు! తర్వాత ఒక్క దీర్ఘం చేర్చండి: తాత, పాప, పాత. ప, వ, మ కలగాపులగం చేస్తారు, మూడూ పక్కపక్కన రాసి తేడా చూపించండి. ఒత్తులకు తొందరేం లేదు. వచ్చినప్పుడు అక్క, అవ్వలతో మొదలుపెట్టండి.

అసలు సంగతి భాష. తండా పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, నారాయణపేట వైపు కొందరి ఇళ్లల్లో కన్నడం. పుస్తకంలో తెలుగు వాళ్లకు కొత్త. అందుకే ముందు కబుర్లు చెప్పించి, వాళ్లన్నది అన్నట్టే బోర్డు మీద రాయండి.

[తెర మీద: మా మేక పోయింది. బాపు ఎతికిండు.]

"వెతికాడు" అని దిద్దకండి. తను అన్న మాటే కాబట్టి తడుముకోకుండా చదువుతుంది. పుస్తకం తెలుగు మెల్లగా అదే వస్తుంది.

పంటలయ్యాక తల్లిదండ్రులతో పనులకు వలసపోయి తిరిగొచ్చిన పిల్లలను మళ్లీ పేరా దగ్గర నుంచి చూడండి. మరచిపోయారని కోప్పడొద్దు. కథలు కావాలంటే స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగువి ఉచితంగా దొరుకుతాయి, ఫోన్లో చూపించే బదులు ప్రింట్ తీయండి.

బడి టీచర్లతో ముందే మాట్లాడండి. ప్రాథమిక బడుల్లో పిల్లలకు చదవడం, లెక్కలు గట్టిగా నేర్పడానికి తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం వల్ల ఎవరు ఎక్కడున్నారో వాళ్లకు తెలిసే ఉంటుంది. తల్లిదండ్రులకు చెప్పి, నలుగురు తిరిగే చోటే కూర్చోండి, తలుపులు మూసిన గది వద్దు. వారానికి మూడు రోజులే కుదిరితే మూడు రోజులే అనండి. పెళ్లో, పండగో వచ్చి మానేయాల్సి వస్తే ముందురోజే పిల్లలకు చెప్పి పోండి.